ఓనరాంటీ ఖర్జూరాలు: పైకి ఒకటి, లోపల ఒకటిగా ఉండే పాత్రను రాయడం ఎలా

పైకి నవ్వుతూ లోపల ఏడ్చే మనుషులు తెలుగు కథల్లో కోకొల్లలు. చదివిన వారం తర్వాత కూడా గుర్తుండేవాళ్లు కొద్దిమందే. చాలా కథల్లో రచయిత పైరూపాన్ని ఒక పేరాలో, లోపలి బాధను మరో పేరాలో చెప్పేసి, ఆఖరి పేజీలో ముసుగు లాగి మనం ఉలిక్కిపడతామేమోనని చూస్తాడు. కానీ ముసుగు వేసుకున్న మనిషికి అది పొద్దున లేచింది మొదలు పడుకునే దాకా చాకిరీ. దానికి డబ్బవుతుంది, టైమవుతుంది, ఒంట్లో ఓపిక ఖర్చవుతుంది. ఆ చాకిరీ రాయగలిగితే లోపలి నిజాన్ని వేరే చెప్పాల్సిన పని పడదు. కింద చెప్పే అడుగులన్నీ ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతాయి.

ఉదాహరణ లేకుండా ఇలాంటివి చెబితే గాల్లో మాటలవుతాయి కాబట్టి ఒక పాత్రను తయారు చేసుకుందాం. ఊరు బెంగళూరు, మారతహళ్లి దగ్గర ఒక సందు. నాలుగంతస్తుల లేడీస్ పీజీ, అంటే నెలకింత కట్టి ఉండే అమ్మాయిల హాస్టల్. నడిపేది భారతి, నలభై ఆరేళ్లు, సొంతూరు రాయచోటి వైపు. అమ్మాయిలు ఆమెను ఓనరాంటీ అంటారు. బిల్డింగ్ ఆమెది కాదు, లీజుకు తీసుకుంది. భర్త కువైట్‌లో ఉన్నాడని, ప్రతి రంజాన్‌కీ ఖర్జూరాలు పంపిస్తాడని చెబుతుంది, రూముకో డబ్బా పంచుతుంది. ఆ డబ్బాలు ఆమే శివాజీనగర్ రస్సెల్ మార్కెట్‌లో కొంటుంది.

మొదటి అడుగు: ఆ ముసుగు ఎవరు అడిగారు?

కొత్తగా రాసేవాళ్లు ముసుగు అనగానే గొప్పలకు పోయే మనిషిని ఊహిస్తారు. అప్పుచేసి కారు కొనడం, ఫేస్‌బుక్‌లో ఫొటోలు పెట్టడం. అలాంటి పాత్ర మీద పాఠకుడు రెండు పేజీల్లో తీర్పు చెప్పేస్తాడు, ఆ తర్వాత కథకు పని ఉండదు. ముసుగును ఎదుటివాళ్లు అడిగి తీసుకునేటట్టు చూడండి.

భారతి అబద్ధం ఎక్కడ మొదలైంది? గుంటూరు నుంచో నెల్లూరు నుంచో ఒక తండ్రి కూతుర్ని దింపడానికి వస్తాడు. రూము చూస్తాడు, బాత్రూము చూస్తాడు, సీసీ కెమెరా ఎక్కడుందో అడుగుతాడు. చివర్లో, చెప్పులు వేసుకుంటూ అడుగుతాడు: "మీవారేం చేస్తారమ్మా?" ఆ ప్రశ్నకు "కువైట్‌లో ఉంటారండి" అనే జవాబుంటే అడ్వాన్స్ చేతికొస్తుంది. "ఉన్నాడో లేడో తెలియదండీ" అంటే ఆ తండ్రి పక్క సందులో ఇంకో పీజీ చూసుకుంటాడు. మగతోడు లేని ఆడమనిషి దగ్గర ఆడపిల్లను ఉంచడానికి మన తల్లిదండ్రులు ఎందుకు జంకుతారో కథ వివరించక్కర్లేదు. ఆ ప్రశ్న, ఆ జవాబు, ఆ తర్వాత ఫోన్‌పే శబ్దం వరుసగా వస్తే చాలు.

ఇక్కడ ఒక పని చేయండి. మీ పాత్రను చూసేవాళ్ల పేర్లన్నీ ఒక కాగితం మీద రాయండి. భారతికైతే: అమ్మాయిలు, వాళ్ల తల్లిదండ్రులు, వంటమనిషి, అసలు ఓనరు, రాయచోటిలో ఉన్న అన్న. ఒక్కొక్కరి ముందు ఆమె ఏమిటో పక్కన రాయండి. అందరి ముందూ ఒకే ముసుగైతే మీ దగ్గర ఇంకా పాత్ర తయారు కాలేదు. అమ్మాయిల ముందు యజమాని, ఓనరు ముందు బాకీదారు, అన్న ముందు బెంగళూరులో బాగా స్థిరపడ్డ చెల్లెలు. వంటమనిషి ముందు మాత్రం ఏ వేషమూ లేదు. ఎందుకు లేదో తర్వాత చెబుతాను.

రెండో అడుగు: లోపలిది మరీ పెద్దది పెట్టకండి

భర్త చనిపోయాడనో, ఇంకో పెళ్లి చేసుకున్నాడనో, జైల్లో ఉన్నాడనో పెడితే కథ మొత్తం ఆ వార్త వైపు ఒరిగిపోతుంది. నేనైతే ఇలా పెడతాను: మొదటి నాలుగైదేళ్లు భర్త నిజంగానే డబ్బు పంపాడు, ఖర్జూరాలూ పంపాడు. తర్వాత ఫోన్లు తగ్గాయి, ఆగిపోయాయి. ఎందుకో ఆమెకు తెలియదు. కనుక్కోవాలంటే అక్కడున్న ఊరివాళ్లను అడగాలి, అడిగితే ఊరంతా తెలుస్తుంది, అందుకే అడగలేదు. అంటే లోపలున్న నిజం ఆమెకే సగం తెలుసు. పైన చెప్పే అబద్ధం కూడా ఒకప్పుడు నిజమే. ఈ రెండూ పూర్తిగా విడిగా లేనప్పుడే పాత్ర బతుకుతుంది.

మూడో అడుగు: ముసుగుకు నెలవారీ లెక్క రాయండి

ఈ మార్గదర్శి మొత్తంలో ఒక్క అడుగే చేసే ఓపికుంటే ఇదే చేయండి. మీ పాత్ర వేషం నిలబడడానికి ఏమేం కావాలో కిరాణా చీటీలా రాయండి. కథలోకి రాని వివరాలు కూడా రాయండి.

భారతి లెక్క ఇలా వేసుకుందాం. 20 రూములు, 54 బెడ్లు. సగటున బెడ్‌కు 8,500 చొప్పున, అన్నీ నిండితే నెలకు 4,59,000. బిల్డింగ్ అద్దె 2,40,000. వంటమనిషి, సాయం చేసే కుర్రాడు, ఊడ్చే ఆవిడ కలిపి 55,000. సరుకులు, గ్యాస్ 95,000. కరెంటు, నీళ్లు, వైఫై 45,000. మిగిలేది 24,000. ఆరు బెడ్లు ఖాళీ అయితే 51,000 పోతుంది, అంటే మిగలడం మాట అటుంచి 27,000 చేతి నుంచి పడుతుంది. ఇప్పుడు ముసుగు ఖర్చు చూడండి: 20 డబ్బాల ఖర్జూరాలు, ఒక్కోటి 350 వేసుకున్నా 7,000. వన్ గ్రామ్ గోల్డ్ గాజులు, నల్లబడ్డప్పుడల్లా కొత్తవి. ఆఫీసు గదిలో ఏసీ, తల్లిదండ్రులు వచ్చినప్పుడు మాత్రమే వేసేది. షెల్ఫులో టైగర్ బామ్, టాంగ్ సీసా, నీడో పాలపొడి డబ్బా. ఆ నీడో డబ్బా అసలైనదే, ఎప్పుడో భర్త పంపినది. ఇప్పుడు అందులో చక్కెర ఉంటుంది.

ఈ అంకెలు కథలో ఒక్కటీ రాకపోవచ్చు. కానీ అంకెలు తెలిశాక మీరు రాసే వాక్యాలు మారతాయి. 24,000 మిగిలే నెలలో 7,000 పెట్టి ఖర్జూరాలు కొనే మనిషి మార్కెట్‌లో ఎలా బేరం ఆడుతుందో, ఏ రకం వైపు చూసి ఏ రకం తీసుకుంటుందో మీ చేతికి తెలుస్తుంది.

డబ్బు తర్వాత టైము. కొన్న డబ్బాల మీద ఇక్కడి దిగుమతిదారు అడ్రసు, రూపాయల్లో ఎమ్మార్పీ ఉన్న స్టిక్కర్ ఉంటుంది. కువైట్ నుంచి వచ్చిన డబ్బా మీద అది ఉండదు. కాబట్టి పంచే ముందు రాత్రి ఎవరో ఒకరు కూర్చుని వాటిని పీకాలి.

మొదటి డ్రాఫ్టులో చాలామంది ఇలా రాస్తారు:

"భారతి పైకి గంభీరంగా, ధీమాగా కనిపించేది. కానీ లోలోపల ఆమె ఎంతో ఒంటరిది. భర్త తనను మర్చిపోయాడన్న బాధ గుండెను పిండేస్తున్నా ఎవరికీ చెప్పుకోలేదు."

లెక్క రాసుకున్నాక ఇలా రాయొచ్చు:

"పదకొండు దాటాక ఆఫీసు గది తలుపు దగ్గరికి వేసింది. సంచిలోంచి మొదటి డబ్బా తీసింది. స్టిక్కర్ ఒక మూల లేచింది, మిగతాది రాలేదు. గోరుతో గీకింది. కాగితం ఊడింది, జిగురు ఉండిపోయింది. కొబ్బరినూనె రెండు చుక్కలు వేసి, నైటీ మీది చున్నీతో రుద్దింది. లైటు కింద తిప్పి చూసింది. పక్కన పెట్టి రెండోది తీసింది."

రెండో దాంట్లో బాధ అన్న మాట లేదు, భర్త ఊసే లేదు. ఆమె ముఖం ఎలా ఉందో కూడా చెప్పలేదు. ఇలాంటి చోట ఒక కన్నీటి చుక్క వేయాలని చెయ్యి లాగుతుంది. వేయకండి. ఇరవై డబ్బాలున్నాయి, ఏడుస్తూ కూర్చుంటే తెల్లారిపోతుంది.

మన సాహిత్యంలో ఈ లెక్క ఎంత పాతదో చెప్పడానికి కన్యాశుల్కం ఒక్కటి చాలు. 1892లో మొదట ఆడిన, 1909లో గురజాడ బాగా పెంచి తిరగరాసిన ఆ నాటకంలో గిరీశం సంస్కర్త వేషం మనకు తెరలేచీ లేవగానే అర్థమైపోతుంది. సంతలో సామాన్లు కొనిపెడతానని, డబ్బు తీసుకుని భోజనం పెట్టే పూటకూళ్లమ్మ దగ్గర ఇరవై రూపాయలు పట్టుకెళ్లి వేరే చోట ఖర్చు పెట్టినట్టు అతనే చెప్పుకుంటాడు. అతని వేషానికి ఎంతయింది, ఆ డబ్బు ఎవరి కొంగు ముడిలోంచి వచ్చింది, మొదటి రంగంలోనే లెక్క తేలిపోయింది. (మన భారతి ఆ పూటకూళ్లమ్మ వృత్తిలోనే ఉందని ఇది రాస్తుంటే తట్టింది.) ఇంకో సంగతి కూడా గమనించండి. నిజం ముందే తెలిసిపోయినందువల్ల గిరీశం మీద ఆసక్తి తగ్గలేదు, పెరిగింది. వీడు దీన్ని ఇంకెంతసేపు నిలబెడతాడు అన్నదే మనల్ని కూర్చోబెడుతుంది. రహస్యాన్ని ఆఖరి పేజీ దాకా దాచాలన్న పట్టుదల చాలా కథలను పాడుచేసిందని నా అభిప్రాయం.

నాలుగో అడుగు: అబద్ధానికి సరిపడా సమాచారం సేకరించండి

నిజం చెప్పేవాడు వివరాలు మర్చిపోయినా ఫరవాలేదు. అబద్ధం చెప్పేవాడు మర్చిపోకూడదు. కాబట్టి ముసుగున్న పాత్రకు రచయిత రెట్టింపు హోమ్‌వర్క్ చేయాలి.

కువైట్ మనకన్నా రెండున్నర గంటలు వెనక. ఇక్కడ రాత్రి తొమ్మిదైతే అక్కడ ఆరున్నర. వారాంతపు సెలవు శుక్ర, శనివారాలు. కాబట్టి భారతి అమ్మాయిలు వింటుండగా ఉత్తుత్తి ఫోన్ మాట్లాడితే అది శుక్రవారం అయ్యుంటుంది, "ఇవాళ సెలవేగా, పడుకున్నారేమో అనుకున్నా" అంటుంది. ఆదివారం సెలవని రాస్తే మీకే తెలియదని తేలుతుంది. లేదా, ఇదే మంచి ఉపాయం కావచ్చు, భారతే ఒకసారి అలసటలో ఆదివారం సెలవని అనేయొచ్చు.

రాయచోటి, రాజంపేట వైపు నుంచి కువైట్ వెళ్లినవాళ్లు మామూలుగా వాడే మాటలున్నాయి. ఖాదిమ్ వీసా అంటే ఇంటి పనికి, షూన్ వీసా అంటే కంపెనీ పనికి. పీజీలోకి రాజంపేట అమ్మాయి ఒకతె కొత్తగా చేరిందనుకోండి. "మా చిన్నాయన కూడా ఆడే ఉండాడు ఆంటీ, ఫర్వానియాలో. అంకుల్‌ది షూన్ వీసానా?" అని మామూలుగా అడుగుతుంది. ఆ పిల్లకు అనుమానం లేదు, ఊరి ప్రేమ కొద్దీ అడిగింది. ఆ క్షణం భారతి ఏం చేస్తుందన్నది మంచి సీను. జవాబు చెప్పనవసరం లేకుండా ఇంకేదో పని మీద అరవచ్చు. ఏసీ రిమోట్ వెతకొచ్చు. లేదా ఠక్కున సరైన జవాబే చెప్పొచ్చు, ఎందుకంటే మొదటి నాలుగైదేళ్ల సమాచారం ఆమె దగ్గర అసలైనదే ఉంది. నాకు మూడోది ఇష్టం.

ఐదో అడుగు: బీట ఎక్కడ పడాలి

డైరీ దొరకడం, తలుపు చాటున విన్న ఫోన్ సంభాషణ, పొరపాటున తెరిచిన ఉత్తరం, చావు మంచం మీద ఒప్పుకోలు. ఈ నాలుగింటినీ పక్కన పెట్టండి. ఇవి బయటి నుంచి వచ్చే సాయాలు. బీట ముసుగు చాకిరీలోంచే పుట్టాలి. భారతి విషయంలో అది కొబ్బరినూనె. స్టిక్కర్ జిగురు వదలడానికి వేసిన నూనె, ఖర్జూరాల డబ్బా అడుగున మిగిలిపోయింది. దాచడానికి చేసిన పనే జాడ వదిలింది.

ఆరో అడుగు: ఎవరి కళ్లతో చెబుతున్నారు

ఇక్కడ తొందరపడొద్దు. ఒకే సంగతిని కనీసం ఇద్దరి వైపు నుంచి రాసి చూడండి. మొదట శ్రావణి అనే అమ్మాయి వైపు నుంచి:

"'మీ అంకుల్ పంపించారమ్మా. రూమ్మేట్లకు కూడా పెట్టు' అంది ఆంటీ. శ్రావణి మెట్లెక్కుతూ డబ్బా చేయి మార్చుకుంది. అడుగున జిడ్డుగా తగిలింది. వేలు ముక్కు దగ్గర పెట్టుకుంది. పారాషూట్."

ఈ దృష్టికోణంలో లాభం, పాఠకుడూ శ్రావణీ ఒకేసారి వాసన చూస్తారు. నష్టం ఏమిటంటే ఆమె వెంటనే ఊహించడం మొదలుపెడుతుంది, రచయిత ఆ ఊహలన్నీ రాసుకుంటూ పోతాడు. "అంటే అంకుల్ పంపలేదా? మరి ఎవరు? ఎందుకు?" అంటూ ప్రశ్నల వరద. పారాషూట్ దగ్గర ఆపేయండి. శ్రావణి రూములోకి వెళ్లి ఎవరి ముందో మామూలుగా ఖర్జూరం తింటే, ఆమెకు ఎంత అర్థమైందో పాఠకుడే చూసుకుంటాడు.

ఇప్పుడు భారతి నోటితో, 'నేను' అంటూ. ఇది కష్టం, కానీ రుచి దీనిదే. ముసుగున్న మనిషి కథ చెబుతుంటే మనతో కూడా అబద్ధమే చెబుతుంది:

"ఈసారి మా ఆయన పదిహేను డబ్బాలే పంపించాడు. పోయినేడాది ఇరవై వచ్చినాయి. ఏం చేస్తాడు పాపం, రేటు పెరిగింది. అయినా రస్సెల్ మార్కెట్‌లో దొరికేవాటి కంటే ఇవి చాలా మేలు. అక్కడివి నేను చూసినా కదా, అడుగున అన్నీ నలిగిపోయినవే పెడతారు."

చదివేవాడు మొదటిసారి కువైట్‌లో రేటు పెరిగిందనుకుంటాడు. మార్కెట్ దాకా వచ్చేసరికి ఈమెకు ఆ డబ్బాల అడుగు సంగతి ఎలా తెలుసని ఆగుతాడు. ఒక వాక్యం మొదటిసారి ఒక రకంగా, వెనక్కి వచ్చి చదివితే ఇంకో రకంగా అర్థం కావాలి, రెండుసార్లూ సహజంగానే ఉండాలి. ఇలాంటివి కథలో మూడు చాలు. పది పెడితే పాఠకుడు డిటెక్టివ్ అయిపోయి మనిషిని చూడడం మానేస్తాడు.

మూడో దారి, అన్నీ తెలిసిన కథకుడు. వాడొచ్చు గానీ అతను నోరు కట్టుకోవాలి. "ఆమె గుండెల్లో ఏముందో ఎవరికి తెలుసు" లాంటి వాక్యం రాయాలనిపిస్తే లేచి మంచినీళ్లు తాగి రండి.

ఏడో అడుగు: మాటలో యాసను, మర్యాదను వాడుకోండి

బెంగళూరు తెలుగువాళ్ల కథ రాసే మనకు ఇది పెద్ద వరం. ఇక్కడ ఒకే సందులో మూడు తెలుగులు వినిపిస్తాయి. తరాలుగా ఇక్కడే ఉన్న స్థానికుల తెలుగులో కన్నడ కలిసిపోయి ఉంటుంది. ఉద్యోగాల కోసం వచ్చిన కోస్తా పిల్లల తెలుగు వేరు, అనంతపురం, కడప వైపు వాళ్లది వేరు. మనిషి ఏ ముసుగులో ఉన్నాడో చెప్పడానికి అతని ముఖం వర్ణించక్కర్లేదు, ఎవరితో ఏ తెలుగు మాట్లాడుతున్నాడో వినిపిస్తే చాలు.

గుంటూరు తండ్రితో భారతి: "మీరేం కంగారు పడకండి సార్. మా అమ్మాయిలాగే చూసుకుంటానండి."

వంటమనిషి ఈశ్వరమ్మతో, పది నిమిషాల తర్వాత: "ఏమే ఈశ్వరీ, అన్నం మల్లా మెత్తగ చేస్తివే. ఆ పిల్లోల్లు పారేసి పోతాండారు."

అద్దె అడగడానికి వచ్చిన ఓనరు: "ఏం భారతమ్మా, ఈ తింగళు బాడిగె ఇంకా రాలేదు కదా." ఆమె లేచి నిలబడి, "ఇచ్చేస్తానన్నా, పదో తారీఖు లోపల" అంటుంది. ఆ కుర్చీలోంచి ఆమె లేవడం అమ్మాయిలు అప్పటిదాకా చూడలేదు. ఒక్క ఆ లేవడం కోసమైనా, ఈ సీనులో మెట్ల మీద ఎవరో ఒక అమ్మాయి ఉండాలి.

యాసను అతి చేయకండి. ప్రతి మాటకూ యాస పూస్తే చదవడానికి నాటకంలా ఉంటుంది. క్రియల దగ్గర, పిలుపుల దగ్గర వినిపిస్తే సరిపోతుంది. ఇంకొకటి: కోపంలో సొంత యాస బయటపడడం అందరూ వాడే కిటుకే. దానికంటే, ఎవరినో ఓదార్చేటప్పుడు బయటపడితే ఎలా ఉంటుందో రాసి చూడండి. జ్వరంతో పడుకున్న అమ్మాయి తల మీద చెయ్యి వేసి భారతి "ఏం కాదులేమ్మే, పొద్దునకంతా తగ్గిపోతాది" అంటే, ఆ పిల్లకు ఓనరాంటీ గొంతు మొదటిసారి వినపడినట్టు ఉంటుంది.

ఎనిమిదో అడుగు: తెలిసీ మాట్లాడనివాళ్లు

ముసుగు కథల్లో అందరూ వేసుకున్నవాడినే చూస్తారు. చుట్టూ ఉన్నవాళ్లలో తెలిసినవాళ్లు ఎవరు, తెలిసీ ఎందుకు నోరు మెదపరు అన్నది నన్నడిగితే ఇంకా పెద్ద కథ. మన చుట్టూ నిలబడి ఉన్న అబద్ధాలు చాలావరకు ఎవరికీ తెలియక నిలబడినవి కావు.

ఈశ్వరమ్మకు అంతా తెలుసు. ఇద్దరిదీ ఒకవైపు ఊళ్లే, అందుకే ఆమె ముందు భారతికి వేషం వేసే వీలు లేదు. జీతం రెండు నెలలుగా బాకీ ఉంది. అంటే మాట బయటపెట్టడానికి ఆమెకు కారణముంది. అలాంటి మనిషి డైనింగ్ హాల్లో అమ్మాయిలందరి ముందు, గిన్నెలు సర్దుతూ, "అన్న రాత్రి ఫోన్ చేసినాడంట కదక్కా, బాగుండాడా?" అంటుంది. భారతి ఒక్క క్షణం ఆగి "బాగుండాడు" అంటుంది.

ఆ ప్రశ్న దయతో అడిగిందా, బాకీ గుర్తుచేయడానికి అడిగిందా? రెండూ కావచ్చు. మీరు తేల్చకండి. రెండు అర్థాలూ నిలబడేలా చుట్టుపక్కల వాక్యాలు సర్దండి. అదే రోజు సాయంత్రం భారతి ఆమె చేతిలో రెండు వేలు పెట్టిందని రాస్తే ఒకవైపు మొగ్గుతుంది, ఏమీ ఇవ్వలేదని రాస్తే ఇంకోవైపు. నేనైతే ఆ సాయంత్రాన్ని కథలోకి రానివ్వను.

శ్రావణి సంగతి కూడా ఇక్కడే తేల్చుకోవాలి. డబ్బా జిడ్డు చూసిన పిల్ల తర్వాత ఏం చేస్తుంది? అడిగేస్తే సీను అయిపోతుంది. రూమ్మేట్లతో చెప్పి నవ్వుకుంటే అది వేరే కథ, అదీ మంచిదే, కొంచెం క్రూరమైనది. ఆ డబ్బాను టిష్యూతో తుడిచి రూమ్మేట్‌కు ఇస్తే ఆమె కూడా చాకిరీలో చేరిపోయినట్టు.

తొమ్మిదో అడుగు: ఖర్చు పెరిగే రోజు తెండి

ప్లాట్ కోసం ఎక్కడికీ పోనక్కర్లేదు. ముసుగు నిలబెట్టే డబ్బో టైమో ఓపికో తక్కువైన రోజే కథ మొదలవుతుంది. 2024 మార్చిలో బెంగళూరులో నీళ్లకు కటకటైంది. బోర్లు ఎండిపోయి, కావేరి నీళ్లు సరిగా అందని శివార్లు ట్యాంకర్ల మీద పడ్డాయి. అధికారులు ట్యాంకర్ రేట్లు ఖరారు చేశారు, ఐదు కిలోమీటర్ల లోపు 12,000 లీటర్లకు 1,000 రూపాయలని. బయట అంతకు మించి అడిగేవాళ్లు అడిగారు. సరిగ్గా అదే నెలలో, 12వ తేదీన రంజాన్ ఉపవాసాలు మొదలయ్యాయి.

కథకుడికి ఇంతకంటే ఏం కావాలి? ట్యాంకర్‌కు డబ్బు పెట్టాలా, ఖర్జూరాలకు పెట్టాలా? స్నానాలకు నీళ్లు లేవని ఆరుగురు అమ్మాయిలు ఖాళీ చేశారు, చేతి నుంచి 27,000 పడుతోంది. ట్యాంకర్ మానేస్తే ఇంకో ఆరుగురు పోతారు. ఖర్జూరాలు మానేస్తే ఎవరూ పోరు, కానీ "ఈసారి అంకుల్ పంపలేదా?" అన్న ప్రశ్న వస్తుంది. దేన్ని ఎంచుకుంటుందన్నదే ఆమె లోపలి నిజం. ఆ ఎంపికను ఆమె ఆలోచనగా రాయకండి. రస్సెల్ మార్కెట్‌లో డబ్బాల ముందు నిలబెట్టి, ట్యాంకర్ వాడి ఫోన్ మోగించండి.

ఊరి సంఘటనను వాడుకునేటప్పుడు ఒక జాగ్రత్త. నీళ్ల కరువు గురించి వ్యాసం రాయడం మొదలుపెట్టొద్దు. బకెట్‌కు ఎన్ని మగ్గులో భారతి నోటీసు అంటించిందా, ఆ నోటీసు కింద అమ్మాయిలు ఏం రాశారు, అంతవరకే.

పదో అడుగు: ముగింపు

నిజం బయటపడడం ఒక ముగింపు. భర్త తిరిగి రావడం ఇంకోటి, దాన్ని సినిమాకు వదిలేద్దాం. అమ్మాయిలంతా చందాలు వేసుకుని ఖర్జూరాలు కొని, "అంకుల్ పంపారు ఆంటీ" అంటూ ఆమెకే ఇవ్వడం మూడోది. ఇది చదివేటప్పుడు కళ్లు చెమరుస్తాయి, మర్నాటికి మోసపోయినట్టుంటుంది, ఎందుకంటే భారతి పడ్డ పాటు మొత్తాన్ని ఒక్క గిఫ్టుతో తుడిచేస్తుంది.

నేను ఎంచుకునేది వేరే. డబ్బాలు రాలేదు. రాజంపేట పిల్ల అడగనే అడిగింది. భారతి చెప్పిన కారణం నమ్మేలా లేదు. వినేవాళ్లలో ముగ్గురికి అది అబద్ధమని తెలుసు, ఆ ముగ్గురిలో ఏ ఒక్కరికీ మిగతా ఇద్దరికి తెలుసన్న సంగతి తెలియదు. మాట మారుస్తారు, ఎవరు ముందు మారుస్తారన్నది మీ ఇష్టం. ఆ తర్వాత ఒక్క పేరా కూడా వద్దు. పీజీలో మర్నాడు ఉప్మానా ఇడ్లీనా అన్న చర్చ మీద కథ ఆగిపోయినా నష్టం లేదు.

ఆఖరి పని: దిద్దడం, చదివించడం

డ్రాఫ్ట్ అయ్యాక ఫైల్లో ఈ మాటలు వెతకండి: పైకి, లోలోపల, నిజానికి, ముసుగు, నటిస్తూ, కృత్రిమమైన నవ్వు, ఎవరికీ తెలియని. దొరికిన ప్రతి వాక్యాన్నీ తీసేసి చూడండి. కథ అలాగే నిలబడితే ఆ వాక్యం అక్కర్లేదు. నిలబడకపోతే మూడో అడుగులో రాసుకున్న చీటీ తీసి, దాంట్లోంచి ఒక పని లేదా ఒక వస్తువు ఆ చోట పెట్టండి. "చూపు తిప్పుకుంది", "నిట్టూర్చింది" కూడా ఈ కోవకే వస్తాయి. కథలో ఒకసారి వస్తే సరే, మూడుసార్లు వస్తే మీరు బద్ధకించారని అర్థం.

తర్వాత ఇద్దరితో చదివించండి. ఒకరు పీజీలో ఉన్నవాళ్లయితే మంచిది, రేట్లూ మెనూ వాళ్లే సరిచేస్తారు. ఇంకొకరికి ఆ లోకంతో సంబంధం లేకపోవాలి. "అర్థమైందా?" అని అడగకండి, మర్యాదకు అందరూ అయ్యిందంటారు. "అంకుల్ పంపట్లేదని నీకు ఏ పేజీలో తెలిసింది?" అని అడగండి. ఇద్దరూ ఒకే వాక్యాన్ని చూపిస్తే అక్కడ మీరు చెప్పేశారన్నమాట, ఆ వాక్యాన్ని పలచన చేయాలి. ఒకరు కొబ్బరినూనె దగ్గర, ఇంకొకరు నీడో డబ్బాలో చక్కెర దగ్గర అన్నారనుకోండి, ఆ రెండు చోట్లా చేయి పెట్టకుండా మిగతాది దిద్దుకోండి. ఇద్దరికీ చివరిదాకా తెలియకపోతే, స్టిక్కర్ గీకే సీనును రెండో పేజీలోకి తెచ్చి మళ్లీ చదివించండి.